చూరు నీడలో ఒక మధ్యాహ్నం: షికాగోలోని రోబీ గృహం

షికాగో నడిబొడ్డు నుంచి మెట్రా ఎలక్ట్రిక్ రైలెక్కి 59వ వీధి స్టేషన్‌లో దిగి, విశ్వవిద్యాలయం వైపు కొద్దిసేపు నడిస్తే వుడ్‌లాన్ అవెన్యూ మూలమలుపులో రోబీ గృహం కనిపిస్తుంది. సైకిళ్ల వ్యాపారి కుటుంబానికి చెందిన యువకుడు ఫ్రెడరిక్ రోబీ కోసం అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపకల్పన చేసిన ఈ ఇంటి నిర్మాణం 1909లో మొదలై 1910లో ముగిసింది.

మొదట మేము వీధి వాకిలి కోసం వెతుక్కోవలసి వచ్చింది. సింహద్వారాన్ని ఊరందరికీ కనబడేలా నిలబెట్టే అలవాటున్న మన కళ్లకు, ఉత్తరం పక్కన నీడలో దాగిన ఈ గుమ్మం వింతగానే తోచింది. లోపల తక్కువ ఎత్తు పైకప్పు, మసక వెలుతురు. అక్కడి నుంచి మెట్లెక్కి మేడ మీదికి చేరగానే, దక్షిణం పొడవునా వరుసగా ఉన్న రంగుటద్దాల తలుపుల నుంచి వెలుగు ఒక్కసారిగా ఎదురవుతుంది. కూర్చునే గదికీ భోజనాల గదికీ మధ్య గోడ లేదు, ఫైర్‌ప్లేస్ ఒక్కటే ఉంది. మన మండువా ఇంట్లో నడిమి భాగం ఆకాశానికి తెరుచుకుంటే, చలిదేశపు ఈ ఇంట్లో ఆ చోటును నిప్పు ఆక్రమించింది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఇటుకపని. సన్నని పొడవాటి ఇటుకల మధ్య అడ్డ దర్జులను లోతుగా, లేతరంగులో వదిలి, నిలువు దర్జులను ఇటుక రంగుతోనే పూడ్చడం వల్ల గోడ అంతా నేలకు సమాంతరంగా సాగే గీతలుగా కనిపిస్తుంది. పడమటి చివర చూరు సుమారు 20 అడుగుల మేర కింద స్తంభం లేకుండా చాచుకుని ఉండడానికి కారణం, కప్పులో దాగిన ఉక్కు దూలాలు.

ఇంత శ్రద్ధగా కట్టించుకున్న రోబీ, తండ్రి వదిలిన అప్పుల వల్లా సంసారం చెదరడం వల్లా 1911 చివరలో ఇల్లు అమ్ముకున్నాడు. 1926లో అది ఒక క్రైస్తవ మతవిద్యాలయం చేతికి వచ్చింది. విద్యార్థుల వసతి కోసం దాన్ని పడగొట్టాలని 1957లో వారు తలపెట్టినప్పుడు, 89 ఏళ్ల రైట్ స్వయంగా వచ్చి అభ్యంతరం చెప్పాడు. 2019లో రైట్ కట్టిన మరో ఏడు భవనాలతో కలిపి యునెస్కో దీనికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇచ్చింది.

దాదాపు గంటసేపు సాగిన సందర్శనలో మార్గదర్శి వివరణ నిదానంగా, బాగుంది. టిక్కెట్టు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవడం మేలు. బస విషయంలో మేము పొరబడ్డాము: నగరం మధ్యలో దిగిన హోటలులో కారు నిలిపినందుకు కట్టిన రుసుము కంటగింపుగా ఉంది, పైగా ఆ కారుతో పడిన పని తక్కువ. ఒక్కరోజే ఉంటే షికాగో శివారు ఓక్ పార్క్‌లోని రైట్ సొంత ఇంటికన్నా దీనికే నా ఓటు. అక్కడ ఆయన నేర్చుకుంటున్న దశ కనిపిస్తుంది, ఇక్కడ చేయి తిరిగిన పనితనం.

మోకాళ్ల నొప్పితో మెట్లు ఎక్కలేని మా అమ్మ ఎదుటి కాలిబాట మీదే ఆగిపోయింది. మేము బయటికి వచ్చాక చూరును మరోసారి పరికించి, మన పెంకుటింటికీ ఇంత చూరు దించి ఉంటే వానాకాలంలో అరుగు తడిసేది కాదు కదా అంది.