పాత ప్యాసింజర్ ఓడ: హోటల్ చేయాలా, తుక్కుకి అమ్మాలా, చేపలకి వదిలేయాలా? ఏది మేలు?

మా కూకట్‌పల్లి ఫ్లాట్ బాల్కనీలో ఒక ఓడ దీపం వేలాడుతోంది. పాత సామాన్లమ్మే జుమ్మెరాత్ బజార్‌లో కొన్నాను. పన్నెండు వందలు చెప్పి ఏడొందలకిచ్చాడు. "జహాజ్ కా మాల్ హై సాబ్, అలంగ్ సే ఆయా" అన్నాడు, అంటే పాత ఓడలు కోసే అలంగ్ నుంచి వచ్చిన సరుకని. వాడి మాట నిజమో అబద్ధమో గానీ వస్తువు మాత్రం గట్టిది. ఇత్తడి ఒళ్లు, వేలు మందం గాజు, గాజుకి దెబ్బ తగలకుండా చుట్టూ బోను. ఇంటికి తెచ్చి ఒక మూల గీకితే తెల్ల రంగు కింద మీగడ రంగు, దాని కింద బూడిద రంగు, దాని కింద మళ్లీ తెలుపు. ఎల్లుల్లి పొట్టులా పొర మీద పొర.

దసరాకి వైజాగ్ నుంచి బాబాయ్ వచ్చాడు. ముప్ఫయ్యేళ్లు షిప్‌యార్డ్‌లో వెల్డింగ్ చేసిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదకి తోసి, గోటితో ఆ పొరల్ని ఒకసారి గీకి చూసి, "ఇది సరుకు ఓడది కాదురా. ప్యాసింజర్‌ది. సరుకు మోసేదానికి ఇన్నిసార్లు రంగెవడేస్తాడు?" అన్నాడు. అక్కడ మొదలైంది వాదన. భోజనానికొచ్చిన మా ఆఫీసు ఫ్రెండ్, అంత మంచి ఓడని తుక్కు చేయడమేంటి, శుభ్రంగా హోటల్ పెట్టుకోవచ్చు కదా అన్నాడు. మా అమ్మాయేమో సముద్రంలో ముంచేస్తే చేపలు ఇల్లు కట్టుకుంటాయి, అదే బెస్ట్ అంది. బాబాయ్ మాత్రం బిర్యానీలో ముక్క వెతుక్కుంటూ "ఓడ చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే" అని ఏనుగు సామెతని ఓడకి తగిలించాడు. సముద్రానికి ఇంత దూరంగా కూర్చొని ఓడల గతి గురించి ముగ్గురూ కొట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చింది గానీ, ఆ తర్వాత వారం రోజులు నేనే దాన్ని పట్టుకొని కూర్చున్నాను.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, అసలు దాన్ని ఎందుకు ఆపాలి అని. సరుకు ఓడలు పాతిక, ముప్ఫయ్యేళ్లకి తుక్కుకి పోతాయి. తీరం వెంట ఒకే దారిలో తిరిగే ప్యాసింజర్ ఓడలు, ఫెర్రీలు మాత్రం యాభై, అరవై ఏళ్లు కూడా లాగేస్తాయి. ఎందుకంటే రోజూ అదే రేవు, అదే సిబ్బంది, ఎక్కడ చప్పుడొస్తుందో ఇంజన్ రూంలో వాళ్లకి చెవితోనే తెలుసు. పైగా టైముకి డ్రై డాక్‌కి, అంటే నీళ్లు లేకుండా ఓడని బాగుచేసే చోటికి ఎక్కించి, మందం కొలిచి, పలచబడిన రేకు కోసేసి కొత్తది అతికిస్తారు. మా బాబాయ్ చేసిన పనే అది. అమెరికాలో పోర్ట్ ఏంజెలెస్ నుంచి కెనడాలోని విక్టోరియాకి తిరిగే 'కోహో' 1959లో దిగింది, ఇప్పటికీ కార్లు మోస్తోంది. ఆఫ్రికాలో టాంగన్యీకా సరస్సు మీద తిరిగిన 'లియెంబా' కథ ఇంకా విచిత్రం: 1913లో జర్మనీలో కట్టి, మళ్లీ విప్పి, అయిదు వేల పెట్టెల్లో సర్ది పంపారు. మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుకి దక్కకూడదని జర్మన్లే ఇంజన్లకి గ్రీజు పూసి మరీ ముంచేశారు. ఎనిమిదేళ్ల తర్వాత బ్రిటిష్ వాళ్లు పైకి లాగారు. 1927 నుంచి మళ్లీ జనాన్ని ఎక్కించుకొని తొంభై ఏళ్లకి దగ్గరగా తిరిగింది. అది ఉప్పు నీరు కాదు కాబట్టి తుప్పు తక్కువ, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఒకసారి నేను కూడా ఓడలో వెళ్లాను, బంక్ క్లాసులో, దాదాపు రెండున్నర రోజులు. నా నెత్తి మీద ఫ్యాను మొదటి రాత్రే ఆగిపోయింది. అడిగితే "రేపు చూస్తాం" అన్నారు, ఆ రేపు పోర్ట్ బ్లెయిర్ దాకా రాలేదు. చెమటకి నిద్ర పట్టక లేచి తిరుగుతుంటే ఇనప మెట్ల అంచులు గుడి మెట్లలా మధ్యలో అరిగి కనిపించాయి. రెయిలింగ్ మీద చేతులు పడే చోట రంగు లేదు, నున్నగా మెరుస్తోంది. ఎన్ని వేల చేతులో. పాత ఓడ మీద నాకున్న ఇష్టమంతా ఆ రాత్రిదే, కోపం కూడా ఆ రాత్రిదే.

కాబట్టి సొంత దారిలో, సొంతవాళ్ల చేతిలో ఉన్నంతకాలం తిప్పడమే మేలు, ఇందులో నాకు రెండో మాట లేదు. గొడవంతా ఆ ఓడని వేరే దేశానికి అమ్మినప్పుడు వస్తుంది. కొన్నవాళ్లు ముందు చేసే పని పైన ఇంకో అంతస్తు కట్టడం. ఎక్కువ బెర్తులు, ఎక్కువ టికెట్లు. ఓడకి పైన బరువు పెరిగితే ఏమవుతుందో తెలియాలంటే బిందె మీద బిందె పెట్టుకొని నడిచి చూడండి. 1994లో జపాన్‌లో కట్టిన 'సెవోల్' పద్ధెనిమిదేళ్లు అక్కడ బాగానే తిరిగింది. 2012లో కొరియా వాళ్లు కొని పైన గదులు చేర్చారు, దాని మీద సరుకు కూడా మోతాదు మించి ఎక్కించారు. 2014 ఏప్రిల్ 16న ఒరిగిపోయి 304 మంది పోయారు, ఎక్కువమంది స్కూలు పిల్లలే. ఇటలీలో 1970లో కట్టిన 'అల్ సలామ్ బొకాచియో 98'కి కూడా అంతస్తులు పెంచారు. 2006 ఫిబ్రవరిలో ఎర్ర సముద్రంలో మంటలు లేచాయి, ఆర్పడానికి కొట్టిన నీళ్లే లోపల నిలిచి ఓడని ఒరిగించాయి. వెయ్యి మంది దాకా పోయారు. "కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకినట్టు" ఇక్కడ పనికిరాదన్నారని అక్కడ తిప్పడం ఏ లెక్కన చూసినా నాకు మింగుడుపడదు. తుక్కుకి వచ్చేదానికంటే ఎక్కువ డబ్బొస్తుంది, నిజమే. అయినా సరే.

ఇక మా ఫ్రెండ్ హోటల్. వాడికి సాక్ష్యం కూడా ఉంది: 'డౌలోస్'. 1914లో అమెరికాలో ఉల్లిగడ్డలూ అవీ మోసే సరుకు ఓడగా పుట్టి, తర్వాత ఇటలీ ప్యాసింజర్ ఓడై, 1977 నుంచి పుస్తకాలమ్మే ఓడగా రేవు రేవుకీ తిరిగి, 2009 చివర ఆగింది. సింగపూర్ వ్యాపారి ఒకాయన కొని, ఇండోనేషియాలో బింటన్ దీవిలో నేల మీదకి ఎక్కించి హోటల్ చేశాడు. 2019లో తెరిచారు. చూశావా అంటాడు మావాడు. చూశాను. ఆగిన దగ్గర్నుంచి తలుపు తెరిచేదాకా పదేళ్లు పట్టిందని కూడా చూశాను.

దాని పక్కన 'కలకాలా'ని పెట్టండి. పేరు తెలుగు పేరులా కలకాలం ఉండేటట్టే ఉంది గానీ అమెరికాలో సియాటిల్ దగ్గరి ఫెర్రీ అది. 1935లో దిగింది. వెండి రంగు, గుండ్రటి ముక్కు, విమానంలా ఉండేది, జనం డ్యాన్సులకి ఎక్కేవాళ్లు. 1967లో ఆపేశారు. అలాస్కా తీసుకెళ్లి, ఒడ్డుకి ఎక్కించి, రొయ్యలూ పీతలూ శుభ్రం చేసే ఫ్యాక్టరీ చేశారు! పీటర్ బేవిస్ అనే శిల్పి దాని మీద మనసు పడి, ఏళ్ల తరబడి కష్టపడి, 1998లో మళ్లీ సియాటిల్‌కి లాక్కొచ్చాడు. రేవులో సంబరం. ఆ తర్వాత? బాగు చేయడానికి డబ్బు లేదు, కట్టి ఉంచడానికి చోటు లేదు. చేతులు మారింది, ఊరు మారింది, టకోమాలో తుప్పు పడుతూ కూర్చుంది. మునిగి దారికి అడ్డం పడుతుందేమోనని అధికారులకి టెన్షన్. 2015లో కోసేశారు. అంటే ఇంటికొచ్చాక పదిహేడేళ్లు ఎదురుచూసి, చివరికి 1967లో జరగాల్సిందే జరిగింది. కాకపోతే ఈలోపు ఆశపెట్టుకున్న వాళ్లందరి డబ్బూ ఓపికా కూడా ఖర్చయిపోయాయి.

మన దగ్గరా ఇదే. విమానాలు మోసిన పాత 'విక్రాంత్' 1997లో రిటైరయ్యి ముంబయిలో మ్యూజియంగా ఉండి, 2012లో ఇక లోపలికి జనాన్ని పంపడం ప్రమాదమని మూశారు. 2014లో అమ్ముడుపోయింది, దాని ఇనుములో కొంత 2016లో మోటార్ సైకిళ్ల ట్యాంకుల్లోకి వెళ్లింది. అలాంటిదే ఇంకో నేవీ ఓడ 'విరాట్'ని వైజాగ్ తెస్తామన్నారు, ఖర్చెవరు పెట్టుకోవాలన్న దగ్గర ఆగి 2020లో అలంగ్ చేరింది. అదే 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ సరుకు ఓడ 'మా' గాలివానకి తెన్నేటి పార్కు దగ్గర రాళ్లెక్కి కూర్చుంటే రెస్టారెంట్ చేస్తారన్న మాట గట్టిగా వినపడింది. నేను వెళ్లినప్పుడు దాని ముందు మొక్కజొన్న పొత్తులు తిన్నాం, అంతవరకే జరిగింది.

మరి వైజాగ్‌లో మ్యూజియం చేసిన జలాంతర్గామి కురుసుర ఎలా నిలబడింది అని బాబాయ్‌ని అడిగాను. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరయ్యి, 2002 ఆగస్టు నుంచి ఆర్కే బీచ్‌లో ఉంది. "నీటిలోంచి పూర్తిగా పైకి తీశారు. అదొక్కటే" అన్నాడు. నీటిలో ఉన్నంతసేపూ అడుగు రేకు తినేస్తూనే ఉంటుందట. కట్టేసిన ఓడకి కూడా పంపులు కావాలి, కాపలా కావాలి, డ్రై డాక్ కావాలి, కానీ టికెట్ ఆదాయం మాత్రం తిరిగే ఓడంత రాదు. జలాంతర్గామి దాదాపు 91 మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల లోపే వెడల్పు, సన్నగా ఉంటుంది, ఇసుక మీదకి లాగారు. ఆరేడు అంతస్తుల ప్యాసింజర్ ఓడని లాగడం వేరే లెక్క.

మావాడు అప్పటికీ వదల్లేదు. ముక్కలు చేసి హుస్సేన్ సాగర్ ఒడ్డుకి తెద్దాం అన్నాడు, బిర్యానీ ఎక్కువైనట్టుంది. బరువైనవాటితో మనకి అనుభవం లేదా? 1990లో బుద్ధుడి విగ్రహాన్ని పడవ మీద తీసుకెళ్తుంటే ప్రాణాలు పోయాయి, విగ్రహం మునిగింది, పైకి తీసి నిలబెట్టేసరికి 1992 డిసెంబరు. 2022 నవంబరులో కొచ్చి నుంచి పాత ఎయిర్ ఇండియా విమానాన్ని హైదరాబాద్‌లో రెస్టారెంట్ చేయడానికి ట్రైలర్ మీద తెస్తుంటే బాపట్ల జిల్లా కొరిశపాడు అండర్‌పాస్‌లో ఇరుక్కుపోయింది. ఊళ్లకి ఊళ్లు వచ్చి సెల్ఫీలు దిగాయి. విమానానికే అంతయితే.

మా అమ్మాయి ఆలోచన పిల్లల ఆలోచన అని కొట్టిపారేయకండి. డెలావేర్ తీరంలో 1970ల నాటి 'ట్విన్ కేప్స్' ఫెర్రీని 2018లో కావాలనే ముంచారు, ఇప్పుడు అక్కడ చేపలు పడతారు, డైవింగ్‌కి వెళ్తారు. కానీ ముంచడం అంటే ఊరికే తూటు పొడవడం కాదు. నూనె చుక్క లేకుండా కడగాలి, వైర్లు, ప్లాస్టిక్, ఆస్‌బెస్టాస్ అన్నీ పీకాలి. అయినా తిన్నగా కూర్చుంటుందన్న గ్యారంటీ లేదు, ఫ్లోరిడాలో 2002లో 'స్పీగెల్ గ్రోవ్' అనుకున్న టైముకంటే ముందే తలకిందులుగా మునిగింది. డబ్బు రాకపోగా ఎదురు ఖర్చు. నీళ్లు తేటగా ఉండి, డైవింగ్‌కి జనం వచ్చే చోటయితే సరే. మట్టినీళ్ల చోట ముంచితే చూసేవాళ్లే ఉండరు, పైగా మన మత్స్యకారుల వలలు చిక్కుకుంటే ఆ నష్టం ఎవరిస్తారు?

మిగిలింది అలంగ్. గుజరాత్‌లో ఖంభాత్ గల్ఫ్, పోటుకీ పాటుకీ పది మీటర్ల తేడా. పౌర్ణమికో అమావాస్యకో పెద్ద పోటు చూసి ఓడని సొంత ఇంజన్ మీదే ఒడ్డుకి తోలతారు, నీళ్లు వెనక్కి వెళ్లాక ఓడ బురదలో ఉంటుంది. 1983 నుంచి ఇదే పద్ధతి. రేకులు రోలింగ్ మిల్లులకి వెళ్లి ఇళ్ల స్లాబుల్లో కడ్డీలవుతాయి. మంచాలు, పరుపులు, కప్పులు, సోఫాలు, లైఫ్ జాకెట్లు అక్కడి రోడ్డు పక్క కొట్లలోకి వెళ్తాయి, వాటిలో ఏవో కొన్ని జుమ్మెరాత్ బజార్ దాకా వస్తాయి. ఓడలో దాదాపు ఏదీ వృథా పోదు. కానీ ఈ లెక్కలో కూలివాడిని మర్చిపోతే పాపం. గ్యాస్ నిలిచిన ట్యాంకు కోసేటప్పుడు మంటలు, పైనుంచి పడే రేకులు, ఊపిరితిత్తుల్లోకి ఆస్‌బెస్టాస్ ధూళి. ఒడిశా, యూపీ, బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు. 2025 జూన్ 26 నుంచి హాంకాంగ్ ఒప్పందం అమల్లోకి వచ్చింది, ఓడలో ప్రమాదకరమైనవి ఎక్కడెక్కడున్నాయో ముందే జాబితా ఇవ్వాలి, యార్డుకి అనుమతి ఉండాలి. కాగితం మీద బాగుంది, ఇక బురదలో చూడాలి.

నా ఓటు మాత్రం తుక్కుకే, మూడు షరతులతో. ఓడ తన ఇంజన్ మీద తాను నడిచి వెళ్లగలిగినప్పుడే అమ్మాలి, రేవులో పదేళ్లు కుళ్లబెట్టి కాదు. పద్ధతిగా కోసే యార్డుకే ఇవ్వాలి, రెండు రూపాయలు తక్కువొచ్చినా. మూడోది, అమ్మే ముందు గంట, చుక్కాని చక్రం, పేరు రాసిన రేకు, బంక్ క్లాసు బెంచీ ఒకటి, ఆ అరిగిన మెట్లు నాలుగు విప్పి ఏ ఊరి రేవు నుంచి తిరిగిందో ఆ ఊళ్లో పెట్టాలి. హోటల్ చేస్తానని ఎవరైనా వస్తే మొత్తం డబ్బు ముందు బ్యాంకులో వేసి చూపించమనాలి. మాటలకైతే మావాడు చాలు.

మూడో షరతు మీద నేను అంత పట్టుబట్టడానికి కారణం మా నాయనమ్మ. ఆవిడ చిన్నాన్న 'రంగం' వెళ్లాడు, అంటే రంగూన్. వైజాగ్, కాకినాడ రేవుల నుంచి ఎన్ని వేలమంది అలా ఓడెక్కారో. మద్రాసు నుంచి సింగపూర్‌కి 1926 నుంచి దాదాపు యాభై ఏళ్లు తిరిగిన 'రజులా' కూడా చివరికి పేరు మార్చుకొని 1970ల్లో తుక్కయింది. అది తప్పని నేనను. కానీ చిన్నాన్న ఎక్కిన ఓడ ఎలా ఉండేదని మా నాయనమ్మ అడిగితే చూపించడానికి ఆ ఊళ్లో ఒక బోల్టు కూడా లేదు.

దీపం సంగతి చెప్పడం మర్చిపోయాను. మన బల్బు దానికి పట్టలేదు. బాబాయ్ మూడు రోజులుండి, హోల్డర్ విప్పి, కూకట్‌పల్లిలో నాలుగు ఎలక్ట్రికల్ షాపులు తిరిగి, చివరికి మామూలు హోల్డర్‌నే లోపల ఎం-సీల్‌తో అతికించి వెలిగించాడు. రంగు గీకి ఇత్తడి మెరిసేలా చేద్దామా అన్నాను. "ముట్టుకోకు. అవన్నీ ఎవడో ఒకడు నిచ్చెనెక్కి ఏసినవి" అన్నాడు.