పాత టర్బో సెడాన్: ఇంజిన్ మీద ప్రేమ, వాటర్ పంపు మీద కోపం

1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ ఎలా లాగుతుందో నడిపినవాళ్ళకు తెలుసు, నడపనివాళ్ళు వినే ఉంటారు. అది వదిలేస్తాను. నేను రాయదలుచుకున్నది దాని వాటర్ పంపు గురించి, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను తిప్పే పంపు. ఇంత మంచి ఇంజిన్ తయారుచేసి, పంపునూ, కూలెంట్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌నూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, దాన్ని చెయ్యి దూరని చోట, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే గొట్టాల అమరిక) కింద బిగించినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి యూరప్ ఇంజిన్ వాడుతున్నవాళ్ళకు చదువుతుంటేనే తెలిసిపోతుంది.

మాది పాలకొల్లు దగ్గర ఊరు, రొయ్యల మేత వ్యాపారం. పని మీద 216 హైవే పట్టుకుని కాకినాడ వెళ్తుంటాను. చించినాడ దగ్గర వశిష్ఠ, బోడసకుర్రు దగ్గర వైనతేయ, ఎదుర్లంక దగ్గర గౌతమి, మూడు పాయలూ దాటాలి. దారి పొడవునా కొబ్బరి లోడు లారీలు, ధాన్యం ట్రాక్టర్లు, రొయ్యల వ్యాన్లు. ఎదురుగా బండి వచ్చేలోపు లారీని దాటేయాలంటే కాలు నొక్కగానే కదిలే ఇంజిన్ ఉండాలి. ఇది 1500 ఆర్‌పీఎం దగ్గరే అందుకుంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, మొన్నీమధ్యే పదిహేనేళ్ళు నిండి ఆర్‌సీ రెన్యువల్ కూడా అయ్యింది (ఫీజు 5000, గ్రీన్ ట్యాక్స్ వేరే). ఆ లాగుడు ఇప్పటికీ తగ్గలేదు.

కూలెంట్ మాత్రం తగ్గుతూ వచ్చింది. ట్యాంకులో మట్టం కొంచెం కొంచెంగా దిగేది, కింద నేల మీద చుక్క కూడా కనబడేది కాదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ‘పాత బండి కదండీ, కాస్త తగ్గుతుంది, పోసుకుంటూ ఉండండి’ అన్నారు. ఇది ఒప్పుకోవలసిన మాట కాదు. కూలెంట్ మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుంది, ఎక్కడో కారితే తప్ప అలా దిగిపోదు.

మే నెల మిట్టమధ్యాహ్నం, బోడసకుర్రు వంతెన దిగి అమలాపురం వైపు వెళ్తుంటే ఏసీలోంచి ఉన్నట్టుండి వేడి గాలి కొట్టింది. గ్యాస్ అయిపోయిందేమో అనుకునేలోపే ఎర్ర దీపం వెలిగి బీప్‌మంది. ఇంజిన్ బాగా వేడెక్కితే కంప్యూటర్ ముందు ఏసీ కంప్రెసర్‌ను ఆపేస్తుంది, అందుకే ఆ వేడి గాలి. మరి మీటర్ ముందే ఎందుకు చెప్పలేదంటారా? ఈ కార్లలో సూది 90 దగ్గర ఆగిపోతుంది. లోపల వేడి అంతకు కాస్త పైకి పోయినా, కిందికి దిగినా అది కదలదు, అలాగే సెట్ చేశారు. ఆ తర్వాత కారు కంప్యూటర్‌లోని లెక్కలు చదివే చిన్న ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌లో అసలు టెంపరేచర్ చూసుకుంటున్నాను. ఈ కారుకు పెట్టిన ఖర్చులన్నిటిలో అదే తక్కువది, అదే ఎక్కువ పనికొచ్చింది.

రోడ్డు పక్కన కొబ్బరికాయలు ఒలుస్తున్న చోట నీడ చూసి ఆపాను. బానెట్ ఎత్తితే తియ్యటి వాసన, ట్యాంకు అడుగున గులాబీ రంగు నీళ్ళు కాసిని. వలుపు పనిలో ఉన్న పెద్దాయన ఒకరు బకెట్‌తో నీళ్ళు తెచ్చారు. తెచ్చి, మళ్ళీ తనే ఆగిపోయి, ‘ఇవి బోరు నీళ్ళండి బాబూ, ఉప్పన. ఇనుమును తినేస్తాయండి. ఉండండి, టిన్ను నీళ్ళు తెప్పిస్తాను’ అన్నారు. ఇంజిన్ చల్లారేదాకా మూత ముట్టుకోకుండా కూర్చున్నాం. ఆ టిన్ను నీళ్ళు పోస్తే పోసినవి పోసినట్టే ఇంజిన్ వెనక నుంచి కారిపోయాయి. ట్రాక్టర్‌కి తాడు కట్టి లాగుతామని కుర్రాళ్ళు వచ్చారు గానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బండిని, అదీ ముందు చక్రాలతో నడిచేదాన్ని, ఆ చక్రాలు నేల మీద ఉంచి ఎక్కువ దూరం లాగకూడదు. ట్రక్కు పిలిపించి రాజమండ్రికి ఎక్కించేసరికి సాయంత్రమైంది. ట్రక్కుకే ఆరు వేలు.

సర్వీస్ సెంటర్ చెప్పింది నలభై అయిదు వేలకు పైమాట, పార్టు రావడానికి రెండు వారాలు. ఇలాంటి ఇంజిన్ల మీద చేయి తిరిగిన మెకానిక్ ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. మానిఫోల్డ్ దింపి చూపించారు. ప్లాస్టిక్ డబ్బా వేడికి వంగింది, గాస్కెట్ దగ్గర గులాబీ రంగు పెచ్చు కట్టింది. ఇన్నాళ్ళూ కారిన కూలెంట్ గేర్‌బాక్స్ మీద పడి అక్కడే ఆవిరైపోయింది, అందుకే నేల మీద చుక్క లేదు. పంపు లోపల తెల్లటి పొర. నాకంటే ముందు ఈ కారు వాడిన వారి దగ్గర ఎవరో బోరు నీళ్ళే పోస్తూ వచ్చారన్నమాట. బోడసకుర్రు పెద్దాయన మాట అక్షరాలా నిజం. మన తీరం వైపు ఊళ్ళలో కూలెంట్ దొరక్కపోతే ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, బోరు నీళ్ళు మాత్రం వద్దు.

‘మానిఫోల్డ్ ఎలాగూ దింపాం కదండీ, వాల్వులు కూడా చూసేద్దాం’ అన్నారు మెకానిక్. చూస్తే పాల గిన్నె అడుగంటినట్టు నల్లగా మసి. ఈ ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే పడుతుంది, ఇన్‌టేక్ వాల్వులను కడగదు. వాటి మీదికి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం గట్టిపడి కూర్చుంటుంది. మందు పోసి, నానబెట్టి, బ్రష్‌తో రోజంతా గీకారు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే వచ్చే వణుకు వయసు వల్ల అనుకున్నాను, అది పూర్తిగా పోయింది. ఇంత మార్పు వస్తుందని నేను ఊహించలేదు. అల్యూమినియం డబ్బాతో బయటి కంపెనీ పంపు, కొత్త కూలెంట్, క్లీనింగ్, కూలీ అన్నీ కలిపి ముప్ఫై వేలు దాటలేదు. ఆ పంపు ఒక వేసవి తట్టుకుంది, అంతకు మించి ఇప్పుడే చెప్పలేను.

మిగతావి క్లుప్తంగా. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ పోతూనే ఉంటాయి, ఒకటి డిక్కీలో ఉంచుకుంటే సరి. వాల్వులు పిస్టన్లతో లయ తప్పకుండా చూసే టైమింగ్ చైన్‌ను నిర్లక్ష్యం చేయకండి: చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవగానే ఒకటి రెండు సెకన్లు గలగలమంటే ఆ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ చూపించాలి. చైన్ పళ్ళు జారితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజినే పోతుంది. నేను ముందే మార్పించాను, అరవై వేల దాకా అయ్యింది. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఇళ్ళ మీద పడతాయి, ఒకసారి ఇంజెక్టర్ల వైరింగ్ కొరికేశాయి. ఇప్పుడు రాత్రిళ్ళు బానెట్ ఎత్తి ఉంచుతున్నాం.

లాగుడు గురించి పైన రాశాను కదా, అది హైవే మీద మాట. పాలకొల్లు బజారులో, రైల్వే గేటు దగ్గర అంగుళం అంగుళం పాకించాల్సి వస్తే డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునిగి ఉండని క్లచ్) గేర్‌బాక్స్ కుదుపుతుంది, నాకు టెన్షన్‌గా ఉంటుంది. కాలవ గట్టు రోడ్ల మీద కింద తగులుతుంది. ముందు చక్రాలను పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు మార్చిన కొత్తలో ఉన్న నిలకడ గుంతల రోడ్ల మీద ఎక్కువ కాలం ఉండదు.

మా ఇంట్లో చెరువుల మీదికి తిరగడానికి వేరే బండి ఉంది, షెడ్డు ఉంది, రాజమండ్రిలో నమ్మకమైన మెకానిక్ దొరికారు. అందుకే ఈ కారు నాకు కుదిరింది. ఇంటికి ఉన్నది ఒకే కారు, పొద్దున్నే పిల్లల్ని బడికి దింపాలి అనేవాళ్ళకు ఎంత చవగ్గా వచ్చినా వద్దనే చెబుతాను. తీసుకోవాలని మనసు పడితే మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళి చైన్ చప్పుడు వినండి, పంపు దగ్గర టార్చ్ వేసి చూడండి, కారు ధర కాకుండా లక్షన్నర పక్కన పెట్టుకోండి. నాకు ఇక మిగిలింది గేర్‌బాక్స్ మెకట్రానిక్స్, అంటే గేర్లు మార్చే కంప్యూటర్ యూనిట్ ఒక్కటే. అది పోతే లక్ష దాటుతుందంటున్నారు. అప్పుడు పెడతానో అమ్మేస్తానో ఇంకా తేల్చుకోలేదు, మా ఆవిడ మాత్రం అమ్మేయమనే అంటోంది.