గద్వాల, పాలమూరు, నల్లగొండ: బస్సు దిగి నడిస్తే

నడిచి తిరగడానికి ఈ మూడు ఊళ్లలో నా ఓటు గద్వాలకే. ఉండే వసతి చూసుకుంటే మాత్రం పాలమూరే (మహబూబ్‌నగర్) నయం. నడకలోనూ వసతిలోనూ నల్లగొండ ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది, కానీ పక్కనే ఉన్న పానగల్లు గుళ్ల కోసం మళ్లీ వెళ్లాలనిపించే ఊరు అది.

మాకు సొంత బండి లేదు. అమ్మా నేనూ ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ మీద తిరిగాం. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక అమ్మకు ఊళ్లు చూడాలన్న కోరిక తీరుతోంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్సు ఎంత దూరమైనా తీసుకుపోతుంది. దిగాక నడవాల్సిన అర కిలోమీటరే మాకు అసలు పరీక్ష. అందుకే ఏ ఊరికి పోయినా ముందు కాళ్ల కింద ఏముందో చూస్తాను.

గద్వాల కోట ఊళ్లోనే ఉంది. నల సోమనాద్రి కట్టించిన ఆ మట్టి కోట గోడల లోపలే చెన్నకేశవస్వామి గుడి, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ. సంచులు భుజాన వేసుకున్న విద్యార్థులు, కొబ్బరికాయలు పట్టుకున్న పెద్దవాళ్లు ఒకే దారిలో నడుస్తున్నారు. పక్క వీధిలో ఒక ఇంటి అరుగు మీద అమ్మ కూలబడితే, ఇంటావిడ అడగకుండానే చెంబుతో నీళ్లు తెచ్చింది. లోపల మగ్గం కనిపిస్తోంది. చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నేసే ఆయన మధ్యలో లేచి సందు చివర చాయ్ తాగొచ్చాడు. వాళ్ల పాప బడి నుంచి అన్నానికి వచ్చి, తినేసి మళ్లీ పరుగెత్తింది. పని, బడి, బజారు అన్నీ పిలిస్తే పలికే దూరంలో ఉన్నాయి. నాలుగిళ్లకో అరుగు, ఇరుకు సందు కాబట్టి నీడ. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? మోరీల మీద బండలు లేకపోవడం ఒక్కటే భయపెట్టింది. మేం దిగిన లాడ్జిలో లిఫ్టు లేదు, కింది అంతస్తులో గది అడిగి తీసుకోవాల్సి వచ్చింది.

కార్లోస్ మొరెనో అనే ప్రొఫెసర్ 2016లో ‘పదిహేను నిమిషాల నగరం’ అనే ఆలోచన చెప్పారు. 2020లో పారిస్ మేయర్ ఆన్ ఇదాల్గో దాన్ని తన ఎన్నికల హామీగా తీసుకున్నారు. రోజూ కావలసినవన్నీ పావుగంట నడకలోనో సైకిల్ మీదో అందాలన్నది దాని సారం. దాని మీద గట్టి అభ్యంతరం కూడా ఉంది. అలాంటి పేటల్లో కిరాయిలు పెరిగి, నడక మీదే బతికేవాళ్లు ఊరవతలికి పోవాల్సి వస్తుందంటారు. ఆ మాటలో ఎంత నిజముందో నాకు పాలమూరులో తెలిసింది.

పాలమూరులో రెండు రకాల బసలు చూశాం. బైపాస్ వైపు ఉన్న కొత్త హోటల్లో లిఫ్టు ఉంది, వేడి నీళ్లు ఉన్నాయి, గది అద్దంలా ఉంది. కానీ రాత్రి అమ్మకు మాత్రలు కావాలంటే ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద లారీల పక్కన నడవాలి, లేదా ఆటో మాట్లాడుకోవాలి. మర్నాడు క్లాక్ టవర్ దగ్గర పాత లాడ్జికి మారిపోయాం. బాత్రూం అంతంతమాత్రం. అయినా కిందికి దిగితే టిఫిన్ బండి, మందుల షాపు, పండ్లు అన్నీ అక్కడే. పిల్లలమర్రికి మాత్రం ఆటో తప్పదు. చెదలు పట్టిన ఆ మర్రికి 2018లో సెలైన్ బాటిళ్లతో మందు ఎక్కించిన సంగతి చాలామందికి గుర్తే ఉంటుంది.

పెద్దచెరువు కట్ట మీద సాయంత్రం నడక హాయిగా ఉంది. అమ్మ మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. అయితే అక్కడ నడుస్తున్నవాళ్లలో చాలామంది బండ్ల మీద వచ్చినవాళ్లే. బస్టాండులో మా పక్కన కూర్చున్న ఒకామె నాలుగిళ్లలో పని చేసి తిరిగి పోతోంది. ఇదివరకు ఊళ్లోనే కిరాయికి ఉండేదట. ఇప్పుడు ఊరవతల సర్కారు డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది.

“ఇల్లు మంచిగనే ఉందక్కా. గప్పుడు నడిచి పోతుంటి, పిల్లగాడు బడి నుంచి వస్తే నడుమ ఇంటికొచ్చి అన్నం పెడ్తుంటి. ఇప్పుడు పొద్దుగాల పోతే మళ్ల చీకటి పడ్డంకనే,” అంది.

అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, “పనికాడ్నే ఇల్లు ఇయ్యాలె బిడ్డా,” అంది.

ఇల్లు ఇచ్చినందుకు ఎవరైనా సంతోషిస్తారు. కానీ ఊరి నడుమ చవకైన భూమి లేదన్న లెక్కతో పేదవాళ్ల ఇళ్లు బయట కట్టి, నడిచే వీలున్న పేటలను బండ్లున్నవాళ్లకు వదిలేస్తే అది ఏ న్యాయం? వాకింగ్ ట్రాక్ వేసేముందు ఊళ్లో రోజూ ఎవరు ఎక్కడికి నడుస్తున్నారో లెక్క తియ్యాలి.

నల్లగొండలో గడియారం సెంటర్ చుట్టూ తిరిగాం. దుకాణాల ముందు ఒకచోట ఫుట్‌పాత్ అంచు అమ్మ మోకాలి దాకా ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఆ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు, ఇళ్ల మధ్య కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా వదలాలి. అడ్డులేని ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. ఆ అంచు ఎక్కలేక అమ్మ రోడ్డు మీదికే దిగి నడిచింది.

ఫుట్‌పాత్ ఖాళీ కావాలంటే తోపుడు బండ్లు తీసేస్తే చాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. జామకాయల బండి ఆమె “గీడ కూసో అవ్వా” అని స్టూలు జరిపింది, ఆ బజారులో అమ్మకు దొరికిన ఒకే ఒక్క కుర్చీ అది. రాత్రి ఎనిమిదింటికి ఆ బండ్ల దీపాలు ఉండబట్టే మేం ధైర్యంగా నడిచాం. 2014 వీధి వ్యాపారుల చట్టం జనాభాలో రెండున్నర శాతం మేరకు వాళ్లకు చోటు చూపాలని, వెండింగ్ కమిటీలో నలభై శాతం మంది వాళ్ల ప్రతినిధులే ఉండాలని చెబుతోంది. ఆ కమిటీని కూర్చోబెట్టి గీత ఎక్కడ గీయాలో మాట్లాడితే బండికీ నడకకూ రెండింటికీ చోటు దొరుకుతుంది. పార్కింగ్ చేసిన కార్లు ఆక్రమించిన చోటు సంగతి కూడా అక్కడే తేల్చుకోవచ్చు.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఆటోలో పోయాం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా నిలిచే స్తంభం నీడను అమ్మ చాలాసేపు చూసింది. పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం కూడా పానగల్లులోనే ఉన్నాయి, కలిపి చూడొచ్చు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, నీళ్లు వెంట పెట్టుకోండి, తిరిగి రావడానికి ఆటో ముందే మాట్లాడుకోండి. నల్లగొండలో గది బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందా అని అడిగే ముందు, మందుల షాపుకు నడిచి పోవచ్చా అని అడగండి.