టి.నగర్ చెస్ క్లాసు: ఎక్స్ఛేంజ్ వేరియేషన్ కోర్సు ఎలా ఉందంటే

చెన్నై టి.నగర్‌లో తెలుగులో నేర్పే ఒక చెస్ కోచింగ్ సెంటర్‌లో ఆదివారం బ్యాచ్‌కి ఒకటే పాఠం: క్వీన్స్ గ్యాంబిట్ డిక్లైన్డ్ అనే ఓపెనింగ్‌లో (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలో) ఎక్స్ఛేంజ్ వేరియేషన్, అంటే మధ్యలో బంట్లు మార్చుకునే దారి, వైట్ తరఫున. ఎనిమిది క్లాసులు, ఒక్కోటి గంటన్నర.

ఎత్తుల వరస చెప్పిన తీరు చాలా బాగుంది. 1.డి4 డి5 2.సి4 ఈ6 3.గుర్రం సి3, గుర్రం ఎఫ్6. నాలుగో ఎత్తులో డి5 దగ్గర బంట్ల మార్పిడి, తర్వాత 5.బిషప్ జి5. రెండో గుర్రాన్ని తొందరపడి ఎఫ్3కి తేవద్దంటారు, కారణం కూడా బోర్డు మీద చూపిస్తారు. 5...సి6 (అంకె తర్వాత మూడు చుక్కలుంటే అది బ్లాక్ ఎత్తు) 6.ఈ3 బిషప్ ఎఫ్5 అయితే 7.క్వీన్ ఎఫ్3! బిషప్ జి6కి తగ్గాక ఎఫ్6లో గుర్రాన్ని కొట్టి, క్వీన్లు మార్చుకుంటే బ్లాక్‌కి ఎఫ్ లైన్‌లో జంట బంట్లు మిగులుతాయి. ఎఫ్3లో గుర్రం కూర్చుని ఉంటే ఈ దెబ్బే లేదు.

5...గుర్రం డి7 దగ్గర పిల్లలు తప్పకుండా పడే గుంట ఒకటుంది. డి5 బంటు ఊరికే దొరికినట్టు కనిపిస్తుంది. గుర్రంతో కొడితే బ్లాక్ కూడా గుర్రంతోనే కొడతాడు. బిషప్‌తో డి8లో క్వీన్‌ని తీసుకుంటే బ్లాక్ బిషప్ బి4 నుంచి చెక్. క్వీన్‌ని డి2లో అడ్డుపెట్టడం తప్ప దారి లేదు, చివరికి వైట్‌కి ఒక పావు తక్కువ.

మైనారిటీ ఎటాక్‌కి, అంటే క్వీన్ వైపు తక్కువ బంట్లతో బ్లాక్ ఎక్కువ బంట్ల మీదకి వెళ్ళే దాడికి, మూడు క్లాసులు ఇచ్చారు, అంత అవసరమే. రూక్ బి1, బి4, బి5. ఏ6 అడ్డొస్తే ఏ4. సి6లో మార్పిడి జరిగితే అక్కడి బంటు వెనకబడి సి లైన్‌లో రూక్‌కి గురవుతుంది. బ్లాక్ తానే బి5లో కొడితే డి5 బంటు ఒంటరవుతుంది.

లోటు బ్లాక్ జవాబుల దగ్గరే. బి4కి ఎదురుగా బ్లాక్ బి5 వేసి, గుర్రాన్ని బి6 మీదుగా సి4లో దింపితే సి6 బలహీనత మీద మూత పడినట్టే. గుర్రం చేరకముందే వైట్ ఏ4తో తట్టాలన్న మాట క్లాసులో రాలేదు. బ్లాక్ గుర్రం ఈ4కి దూకి రాజు వైపు వచ్చే దాడినీ పైపైనే తేల్చేశారు. చేరేవాళ్ళు ఈ రెండూ అడిగి మరీ చెప్పించుకోండి.

వైట్ గుర్రాన్ని ఈ2కి తెచ్చి ఎఫ్3, ఈ4 తోసే, ఒకప్పటి ప్రపంచ ఛాంపియన్ బోట్విన్నిక్ పద్ధతికి అరగంటే దక్కింది. అది ఇంకో క్లాసు పట్టే విషయం: ఎఫ్3 వేసి ఈ4 తోయలేకపోతే ఈ3 బంటే భారమవుతుంది, సి5తో బ్లాక్ మధ్యలో తెరుస్తాడు.