షికాగో వెళ్తే ఎల్క్స్ మెమోరియల్ వదలకండి

షికాగోలో మమ్మల్ని నిలువునా ముంచింది మేం దిగిన అద్దె ఫ్లాటు. లింకన్ పార్క్ దగ్గర, రాత్రికి 129 డాలర్లని చూపించారు. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి క్లీనింగ్ ఫీజు 95, సర్వీస్ ఫీజు 48, ఆపైన పన్ను. ఇంత పోస్తే దొరికిందేమిటంటే, కార్పెట్ నిండా ముక్కిపోయిన వాసన, ఒకరి స్నానానికి కూడా చాలని వేడినీళ్లు. యజమానికి మెసేజ్ పెడితే "ఒకరి తర్వాత ఒకరు గంట ఆగి చెయ్యండి" అని జవాబు! మావారు కోపంతో కాఫీ కూడా ముట్టలేదు. క్లీనింగ్ ఫీజు విడిగా రాసిన చోట దిగొద్దు, అంతకంటే మామూలు హోటలే నయం.

లింకన్ పార్క్ జూ ఉచితం, బాగుంది, ఒక పూట చాలు.

అక్కడి నుంచి నడిచి ఎల్క్స్ మెమోరియల్‌కి వెళ్లాం. ఎల్క్స్ అనే సంఘం కట్టిన స్మారక భవనం ఇది. దీనికీ టికెట్ లేదు. ఎల్క్ అంటే అక్కడి పెద్ద జాతి దుప్పి. మెట్లకు అటూ ఇటూ కూర్చున్న కంచు ఎల్క్‌ల ముందు మన దుప్పి మేకపిల్లలా ఉంటుంది. గుమ్మటం కింద దానం, న్యాయం, సోదరప్రేమ, విశ్వాసం అనే నాలుగు విగ్రహాలు. వాటి శిల్పి జేమ్స్ ఎర్ల్ ఫ్రేజర్. అమెరికా పాత అయిదు సెంట్ల నాణెం బఫెలో నికెల్‌కి రూపమిచ్చింది ఆయనే, బయటి ఎల్క్‌లు ఆయన భార్య లారా చేసినవి. మావారికి పాత నాణేలంటే ప్రాణం. ఆ మాట వినగానే ఫ్లాటు సంగతి మర్చిపోయి, విగ్రహాల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

ఈ సంఘం 1868లో న్యూయార్క్‌లో మొదలైంది. అప్పట్లో అక్కడ ఆదివారాలు మద్యం దుకాణాలు మూయించే చట్టం ఉండేది. దాంతో చార్ల్స్ వివియన్ అనే ఇంగ్లిష్ గాయకుడు, తోటి నాటకాలవాళ్లు ఒకచోట చేరి తాగుతూ తమకు జాలీ కార్క్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్లలో ఒకాయన చనిపోయి ఇంటివాళ్లు దిక్కులేనివాళ్లయ్యాక, సాటివాళ్లను ఆదుకునే సంఘంగా మారి ఎల్క్స్ అయ్యారు. వాళ్ల చిహ్నంలో ఎల్క్ తల వెనక గడియారం ఉంటుంది, ముల్లు పదకొండు మీద. రాత్రి పదకొండుకి, తమ మధ్య లేని సభ్యులను తలుచుకుని గ్లాసు ఎత్తుతారు. ఈ భవనమే అలాంటి తలుచుకోవడం: మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన సభ్యుల కోసం కట్టి, 1926లో అంకితం చేశారు.

హార్డింగ్, ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్, ట్రూమన్, కెన్నెడీ, ఫోర్డ్, ఇంతమంది అధ్యక్షులు ఇందులో సభ్యులు. అమెరికా జెండా దినోత్సవాన్ని ఎల్క్స్ ఎప్పటినుంచో జరుపుతున్నారు. 1949లో ఆ రోజును చట్టం చేస్తూ సంతకం పెట్టింది సభ్యుడైన ట్రూమనే.

నాకు మింగుడుపడనిది ఒకటుంది. 1973 దాకా తెల్లవాళ్లకే సభ్యత్వం, ఆడవాళ్లకు 1995లో గానీ తలుపు తెరవలేదు. నల్లజాతివాళ్లు 1898లోనే సిన్సినాటిలో తమ సొంత ఎల్క్స్ సంఘం పెట్టుకున్నారు. సోదరప్రేమ విగ్రహం ముందు నిలబడి ఇది తలుచుకుంటే కడుపు మండింది. అయినా అక్కడున్న పెద్దాయన, నేను అడిగితే దాచకుండా చెప్పారు. ఆయన ఓపికకు దండం పెట్టాలి.

కారులో వెళ్లి పార్కింగుకు డబ్బు తగలెయ్యకండి, బస్సెక్కండి. తెరిచే వేళలు ముందే చూసుకోండి. గుమ్మటం కింద నిదానంగా చూడటానికి కనీసం గంట కావాలి, జూలో అలిసిపోయి వస్తే కుదరదు.