కట్రా – శ్రీనగర్ వందే భారత్: చీనాబ్ వంతెన మీదుగా ప్రయాణం

అనంతపురం నుంచి కశ్మీరుకు రైలులోనే వెళ్లాలనుకునేవారు కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి, అక్కడి నుంచి కట్రాకు చేరి ఈ బండి ఎక్కవచ్చు. ఛైర్‌కార్ టికెట్ మాకు 715 రూపాయలు పడింది. ప్రయాణం సుమారు మూడు గంటలు. బోగీ శుభ్రంగా ఉంది. చలికి నీటి గొట్టాలు, మరుగుదొడ్డి ట్యాంకులు గడ్డకట్టకుండా వేడిచేసే ఏర్పాటు కూడా ఈ బండికి ఉంది.

దారిలో సొరంగాలే ఎక్కువ కనుక, 2025 జూన్ 6న ప్రారంభమైన చీనాబ్ వంతెన వచ్చేసరికి కిటికీ దగ్గర సిద్ధంగా ఉండాలి. 1,315 మీటర్ల వంతెన చూస్తుండగానే దాటిపోతుంది. సుమారు 300 అడుగుల గండికోట లోయ అంచున నిలబడి కళ్లు తిరిగిన మన సీమవాసులకు, నదికి 359 మీటర్ల ఎత్తున, అంటే ఆ లోతుకు దాదాపు నాలుగు రెట్ల ఎత్తులో, రైలు కుదుపు లేకుండా సాగిపోవడం నమ్మశక్యంగా ఉండదు. 467 మీటర్ల ఉక్కు కమాను మోపిన ఆ కొండలు పగుళ్లతో నిండినవి. తవ్వేకొద్దీ బయటపడిన రాతి తీరును బట్టి పునాదుల రూపకల్పనను మార్చుకుంటూ, ఆ వాలులు జారకుండా నిలిపే పనిలో ఏళ్ల తరబడి పాలుపంచుకున్న ఆచార్య జి. మాధవీలత మన ప్రకాశం జిల్లా ఆడబిడ్డ కావడం నాకెంతో గర్వంగా అనిపించింది.

అయితే ఈ కట్టడంలో నన్ను అన్నిటికన్నా కదిలించినది ఎత్తు కాదు. బక్కల్, కౌరీ గ్రామాల మధ్య ఉన్న ఈ చోటికి మొదట్లో ఇంజనీర్లు గుర్రాల మీద, కంచరగాడిదల మీద చేరుకోవలసి వచ్చింది. సామగ్రి తరలించడానికి ఈ రైలుమార్గం పొడవునా వేసిన 200 కిలోమీటర్లకు పైగా రోడ్లు, రైలు కంటే ఎంతో ముందుగా కొండ పల్లెలకు ఆసుపత్రినీ బడినీ సంతనూ దగ్గర చేశాయి. అటువంటి పల్లెల పక్కనుంచే వెళ్లే మా బండి మధ్యలో బనిహాల్‌లో తప్ప ఎక్కడా ఆగలేదు. సేవలో నాకు కనిపించిన లోటు ఇదొక్కటే: వంతెన ఉన్న జిల్లా కేంద్రమైన రియాసీలోనైనా ఆగాలి, ఆ గ్రామస్థులు భరించగల ఛార్జీతో సాధారణ పాసింజర్ బండ్లు కూడా ఈ వంతెన మీద విరివిగా నడవాలి.

మన ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీరులో పనిచేయవు కాబట్టి, వెళ్లేవారు కుటుంబంలో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండేలా చూసుకుని, టికెట్లను ముందుగానే కాగితంపై అచ్చు తీసుకోవడం మంచిది.