చిన్న డిస్కు మీద కౌచ్‌డీబీ: రొయ్యల గుంటల గట్టు నుంచి ఒక సమీక్ష

ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల రోజువారీ లెక్కల కోసం అపాచీ కౌచ్‌డీబీ అనే డేటాబేసు సాఫ్ట్‌వేరును కొన్నేళ్ళుగా వాడుతున్నాను. ప్రతి షెడ్డులోనూ 32 జీబీ మెమరీ కార్డుతో నడిచే చిన్న కంప్యూటరు ఉంటుంది; అన్నిటి సమాచారమూ నెల్లూరులోని సర్వరుకు చేరుతుంది. మేత ఎంత వేశారు, చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడటానికి గుంటలో దించే పళ్ళెంలో) ఎంత మిగిలింది, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎంత ఉంది వంటి వివరాలే ఇందులో ఉంటాయి.

ఆగిన చోటి నుంచే మళ్ళీ అందుకోవడంలో దీనికి పేరు పెట్టడానికి లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు కరెంటూ నెట్టూ పోయి షెడ్లు దేనికది విడిపోయినా, లైను వచ్చాక మిగిలిన పత్రాలు (ఇందులో ఒక్కో నమోదును పత్రం అంటారు) మాత్రమే సర్వరుకు వెళ్ళాయి. కొత్త సమాచారాన్ని ఫైలు చివరనే చేర్చుకుంటూ పోయే పద్ధతి కనుక, హఠాత్తుగా కరెంటు పోయినా పాతది చెరిగిపోదు. కార్డే పాడైతే అది వేరే సంగతి.

అయితే చోటును మింగేది కూడా ఆ పద్ధతే. ఒక అంకె దిద్దినా పత్రం మొత్తం కొత్తగా రాయబడుతుంది. పాత ప్రతులను వదిలేసి ఫైలును కుదించే కంపాక్షన్ జరిగేదాకా పాతది ఫైలులోనే ఉంటుంది. 2020లో వచ్చిన 3.0 వెర్షను నుంచి కంపాక్షన్ దానంతటదే నడుస్తున్నది కానీ, అది ముందు కొత్త ఫైలు రాసి ఆ తరువాతే పాతదాన్ని తీసేస్తుంది కాబట్టి, డిస్కు నిండాక చోటు ఖాళీ చేయడానికే చోటు చాలదు. అందుకే కార్డులో సగం దాకా ఖాళీగా ఉంచుతాను. 32 జీబీని 16గా లెక్క వేసుకోవడమే క్షేమం.

పత్రాలను తొలగించడం మరో చిక్కు. తొలగించినా గుర్తు ఒకటి మిగులుతుంది, ఆ తొలగింపు సర్వరుకూ పాకుతుంది. గుంట పేరును బట్టి సెలెక్టరుతో (ఏ పత్రాలు వెళ్ళాలో చెప్పే షరతుతో) వడపోసి సర్వరుకు నకలు తీస్తుంటే ఇబ్బంది తలకిందులవుతుంది: మామూలుగా తొలగించిన పత్రంలో గుంట పేరు కూడా ఉండదు కనుక తొలగింపు వడపోతలో ఆగిపోయి, అవతలి ప్రతి అలాగే నిలిచిపోతుంది. పేరును ఉంచి, తొలగింపు గుర్తును మాత్రం చేర్చి పత్రాన్ని తిరిగి రాస్తే ఇది తీరుతుంది.

నాకు బాగా కుదిరిన ఏర్పాటు పంటకొక డేటాబేసు. పట్టుబడి అయ్యాక సర్వరులో అన్ని పత్రాలూ ఉన్నాయని సరిచూసుకుని, షెడ్డులోని డేటాబేసును మొత్తంగా తీసేస్తాను. పత్రం తొలగింపులా ఇది అవతలికి పాకదు, నెల్లూరు ప్రతి భద్రంగా ఉంటుంది, చోటు వెంటనే తిరిగి వస్తుంది. ఏళ్ళ తరబడి ఒకే డేటాబేసును పెంచుకుంటూ పోయేవారికి ఈ సౌలభ్యం ఉండదు. ఫోటోలను పత్రాలకు జోడించేవారికైతే ఇంత చిన్న కార్డు మీద దీన్ని నేను సూచించను.

డేటాబేసు వివరాలలో ఫైలు పరిమాణం, అందులో నిజంగా పనికివచ్చే సమాచారం పరిమాణం వేర్వేరుగా కనిపిస్తాయి. మొదటిది రెండోదానికి రెట్టింపు దాటితే కంపాక్షన్ మొదలు కావాలి. పెద్ద డేటాబేసులో దాటి కూడా ఒక పూటంతా తగ్గకపోతే చోటు చాలక ఆగిందేమో చూడాలి కనుక, ఆ రెండు అంకెలనూ రోజూ మేత లెక్కతో పాటు పంపమని షెడ్డు కుర్రవాళ్ళకు చెప్పి ఉంచాను.